ఆర్బ్యూటస్ పెద్దమ్మ తెల్ల సీతాకోకలు

మా అక్క వెల్డాకు తప్పు ఒప్పుకోవడం చేతకాదు. చిన్నప్పుడు కోడిగుడ్ల బుట్ట మీద తనే కూర్చుని, పెంకులు పలచగా పెట్టాయని కోళ్ళను తిట్టిన మనిషి. అరవై దాటినా ఆ గుణం పోలేదు. అందుకే ఈ ఏప్రిల్‌లో ఓకీ పెదనాన్న ఇంట్లో వంటింటి కిటికీ దగ్గర గాజుసీసా పట్టుకుని నిలబడి, "ఇది నేనే చేశానే" అని తనంతట తాను అన్నప్పుడు నాకు నమ్మకం కలగలేదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఆర్బ్యూటస్ పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఓకీ పెదనాన్న ఆవిడ మొగుడు. వాళ్ళకు పిల్లల్లేరు; మేమిద్దరం సగం ఆవిడ చేతుల్లోనే పెరిగాం. పెదనాన్న తమ్ముడూ మరదలూ బొగ్గు లారీ గుద్ది పోతే, వాళ్ళ కొడుకు క్రీడ్‌ను తెచ్చి పెంచుకున్నారు. వాడు మాకు తమ్ముడి వరస. వాళ్ళ ఇంటి వెనక కొండ మడతలో, ఎత్తయిన చెట్ల కింద ఓ నీడనేల ఉంది. వెస్ట్ వర్జీనియాలో అలాంటి నేలలు చాలా ఉండొచ్చు, మా లోయ వాళ్ళకు మాత్రం అదొక్కటే లెక్క. వసంతం రాగానే అందరం అక్కడే ర్యాంపులు తవ్వుకుంటాం. ర్యాంపులను బయటివాళ్ళు అడవి ఉల్లి అంటారు. వెల్లుల్లికి తాతలాంటి వాసన. తిన్నవాడి పక్కన తిననివాడు కూర్చోలేడు కాబట్టి ఊరంతా తింటాం.

ర్యాంపులు లేచినప్పుడే ఆ తెల్ల సీతాకోకలూ లేస్తాయి. చెట్లకు ఆకులు కమ్మకముందు, ఎండ ఇంకా నేలకు తగులుతున్న రోజుల్లో. చిన్నవి. అవతల ఏముందో కనిపించేంత పలచటి రెక్కలు. కింది రెక్కల అడుగున నరాల వెంట బూడిదరంగు పొడి అద్దినట్టుంటుంది, అంతే. ఒక చుక్క లేదు, ఒక అంచు లేదు. క్యాబేజీ మడుల మీద తిరిగే తెల్లదుంది చూశారూ, దానికి నల్లచుక్కలుంటాయి, పొగరుంటుంది, ఎక్కడికైనా పోతుంది. ఇవి అలా కాదు. మోకాలి ఎత్తున, అప్పుడే జ్వరం తగ్గి లేచినట్టు తూలుతూ ఎగురుతాయి. చెట్ల నీడ దాటవు. కింద తారురోడ్డు అంచుదాకా వచ్చి, పైన ఆకాశం కనబడగానే వెనక్కి తిరుగుతాయి. గుడ్లు పెట్టేది కారవేరు మొక్క మీద, ఆకుకొక్కటి. కారవేరు నమిలితే ఆవాలు నమిలినట్టు నషాళానికి అంటుతుంది, మేం ఉప్పద్దుకుని తింటాం. మే నెల దాటితే ఆ మొక్కా కనపడదు, ఆ రెక్కా కనపడదు. పురుగు గూడు కట్టుకుని రాలిన ఆకుల్లో మళ్ళీ ఏప్రిల్ దాకా నిద్రపోతుంది.

పెద్దమ్మకు అవంటే ప్రాణం. ఎండ కాసిన రోజున పని వదిలేసి, ఓ నరికిన చెట్టు మొద్దు మీద కూర్చుని చూస్తూ ఉండేది. పోయేముందు పెదనాన్నతో, "ఏప్రిల్లో వెళ్ళి నా తెల్లవాటిని పలకరించి రావయ్యా, నేనెటూ పోలేదనుకుంటాయి" అంది. ఆయన ఏటా వెళ్ళేవాడు. మోకాళ్ళు మొరాయించాక ఆగిపోయాడు. అప్పుడు క్రీడ్ ఓ శీతకాలమంతా ఒంటిచేత్తో కష్టపడి, వాడి పాత ట్రక్కు పట్టేంత బాట ఒకటి ఆ నీడనేల దాకా తొలిచాడు. పెదనాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళి చూపించాడు. అంతవరకు బాగానే ఉంది.

ఆ రోజుల్లోనే ఇంకో మొక్క మా వాగు వెంట దిగింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. చిన్న తెల్లపూలు, రంపపుపళ్ళ అంచు ఆకులు, నలిపితే వెల్లుల్లి వాసన. పాస్టరుగారి భార్య లవోనా బయటిప్రాంతం మనిషి. ఆవిడ వచ్చి, ఇది పరాయి కలుపు, అడవి మొత్తం కమ్మేస్తుంది, చర్చి వాళ్ళందరం కలిసి ఓ శనివారం పీకేద్దాం అంది. మా అక్క చీపురు తీసుకుని ఆవిణ్ణి వాగు దాటించి వచ్చింది.

"వెల్లుల్లి వాసనొచ్చే మొక్కను పీకమంటదా? ఈ కొండ మీద వెల్లుల్లి వాసనొచ్చే ఏ ఆకైనా ఇప్పటిదాకా మనకు చెడు చేసిందా? ఇది ర్యాంపులకు చెల్లెలే!" అని మా ఇంటికొచ్చి గంతులేసింది.

మా లోయలో పుట్టినవాళ్ళం ఎవరం ఆ మాటకు ఎదురు చెప్పలేదు. ముక్కుకు నచ్చితే నోటికి నచ్చినట్టే మాకు. అక్క ఆ ఆకు పంది కొవ్వులో వేయించి ర్యాంపుల విందుకు గిన్నెడు పట్టుకెళ్ళింది, గిన్నె నాకి మరీ తిన్నాం. పైగా ఆ ఏడే అక్క తన కళ్ళతో చూసింది: పెద్దమ్మ తెల్లవి వచ్చి ఈ కొత్త ఆకుల మీద కూడా గుడ్లు పెడుతున్నాయి. కారవేరు మీదకంటే వీటి మీదే ఎక్కువ. ఇంక దాన్ని పట్టేవాళ్ళెవరు? వేళ్ళతో సహా తవ్వి, బుట్టల్లో మోసి, నీడనేల పొడుగునా నాటింది. "పెద్దమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదే. ఇంత మేత వాటికి జన్మలో దొరికి ఉండదు" అనేది.

మేత పెరిగింది. సీతాకోకలు తగ్గిపోతూ వచ్చాయి. ఎందుకని అక్క చుట్టూ చూసింది. కళ్ళకు ఆనింది క్రీడ్ బాట.

నిరుడు ఫైర్ స్టేషన్ హాల్లో ర్యాంపుల విందు. ఎప్పటిలాగే పెద్ద పెనం దగ్గర క్రీడ్ నిలబడి ఆలుగడ్డలు వేయిస్తున్నాడు. కుర్రతనం నుంచి ఆ పెనం వాడిదే. లోయంతా బల్లల ముందు కూర్చుని ఉంది. పెదనాన్న చక్రాల కుర్చీలో ముందు వరసలో ఉన్నాడు. మా అక్క పళ్ళెం పట్టుకుని పెనం దగ్గరికెళ్ళింది.

"ఏరా క్రీడ్, పెద్దమ్మ తెల్లవి ఏవిరా?"

"నన్నడుగుతావేంటక్కా? వాటికి నేనేమన్నా కాపలానా?"

"కాపలా కాయక్కర్లేదు నాయనా, చంపకుండా ఉంటే చాలు. ఎండపట్టు దాటలేని ప్రాణాల మధ్యన రోడ్డు వేశావు. అటువి అటే, ఇటువి ఇటే అయిపోయి జంట దొరక్క చస్తున్నాయి. పెంచిన తల్లికి బాగా తీర్చుకున్నావురా రుణం!"

క్రీడ్ పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న, "నిజమేనంట్రా?" అన్నాడు.

"నీ కోసం వేశాను పెదనాన్నా."

"నేనడిగానా?"

క్రీడ్ అట్లకాడ పెనం పక్కన పెట్టి, ఏప్రన్ విప్పి మడిచి, దాని పక్కనే పెట్టి వెళ్ళిపోయాడు. తరవాత వారం ఇంటికొస్తే పెదనాన్న తలుపు తీయలేదు. ఆ తరవాత వాడూ రావడం మానేశాడు. లోయ మొదట్లో రేకుల ఇంట్లో ఉంటూ, మా కారు ఎదురొస్తే తల తిప్పుకునేవాడు.

ఈ ఏడు పెదనాన్న పరిస్థితి బాగా దిగజారింది. గనిలో పీల్చిన బొగ్గంతా ఇప్పుడు లెక్క అడుగుతోంది. మంచం కిటికీ పక్కకు జరిపించుకున్నాడు. మేమిద్దరం వంతులేసుకుని కనిపెట్టుకున్నాం. ఓ పొద్దున ఆయన, "ఈసారి ఆర్బ్యూటస్‌కు మాట తప్పేలా ఉన్నానే వెల్డా" అన్నాడు.

"నువ్వు పోలేకపోతే అవే వస్తాయి పెదనాన్నా" అంది అక్క. "గుడ్లు తెస్తాను. సీతాకోక కావాలంటే వచ్చే ఏడు దాకా ఆగాలి గానీ, పురుగునైనా చూద్దువు."

"పురుగైనా చాలే. అది పురుగుల్ని కూడా ముద్దు చేసేది."

అక్క నీడనేలకు వెళ్ళి, గుడ్లున్న ఆ వెల్లుల్లి వాసన మొక్క ఆకులు కాడలతో తెచ్చి నీళ్ళ సీసాలో పెట్టింది. నిలబెట్టిన బియ్యపుగింజలో సగముంటుంది ఒక్కో గుడ్డు. కొద్దిరోజులకు గుడ్లు చిట్లాయి. కంటికి ఆనీ ఆనని పురుగులు. ఆకును కొరికాయి. ఆ ఒక్క కొరుకుతో ఆగిపోయాయి. మర్నాటికి ముడుచుకుని నల్లబడ్డాయి.

"పొయ్యి సెగ తగిలింది" అంది అక్క. సీసా కడిగి మళ్ళీ తెచ్చింది. మళ్ళీ అంతే. ఈసారి నా మీద పడింది, ఉల్లిపాయ తరిగిన చేత్తో సీసా ముట్టుకున్నావని. మూడోసారి తన నడుము పట్టేసి, నన్ను పంపింది. నాకు ఆకుల తేడా అంత తెలియదు. తెల్లగా పూసిందీ, గుడ్డుందీ కనపడితే తెంపుకొచ్చాను.

"నీ కళ్ళు మండా! ఇది కారవేరు కదే. ఒక్క ఆకు కూడా పోల్చుకోలేవా? పెద్దమ్మ పెంపకంలో ఏం నేర్చుకున్నావే?" అంటూ ఆ ఒక్క కాడను విడిగా ఇంకో సీసాలో గుచ్చింది.

అలా రెండు సీసాలు పక్కపక్కన కిటికీలో ఉన్నాయి. ఒకే గది, ఒకే ఎండ, ఒకే నీళ్ళు. వెల్లుల్లి ఆకుల మీదివన్నీ ముడుచుకుపోయాయి. నేను పొరపాటున తెచ్చిన కారవేరు మీది పురుగు ఆకు అంచును గుండ్రంగా తినేసి, పచ్చగా నిగనిగలాడుతూ ఇంకా ఏమన్నా ఉందా అన్నట్టు తలెత్తి చూస్తోంది.

అప్పుడే అక్క ఆ మాట అంది. "ఇది నేనే చేశానే."

కాసేపటికి బల్ల మీద చేతులు ఆనించి కూర్చుంది. "వాసన చూసి అమ్మ ఇల్లే అనుకుని పెట్టాయే గుడ్లు. నేను బుట్టల్లో మోసి మరీ విషం నాటాను. పైగా నింద క్రీడ్ మీద..." అని ఆగిపోయింది. అక్క ఏడవలేదు. ఏడిస్తే నేను తట్టుకునేదాన్ని. మొహం గోడ వైపు తిప్పుకుని, మెడ దాకా ఎర్రబడి, ఎవరో బట్టలూడదీసి బజార్లో నిలబెట్టినట్టు చేతులు రెండూ ఒంటి చుట్టూ వేసుకుంది.

పక్కగదిలోంచి పెదనాన్న దగ్గుతూ, "వెల్డా, పురుగులొచ్చాయా?" అని కేకేశాడు.

"ఇంకా లేదు పెదనాన్నా!" అంది అక్క.

నేను అడ్డొచ్చేలోపే సీసాలు రెండూ తీసుకుపోయి, సామాన్ల గదిలో ఊరగాయల వెనక దాచింది. బతికిన పురుగును కూడా. దాన్ని చూపిస్తే మిగతావి ఏవని అడుగుతాడుగా. రోజూ ఆయన అడిగేవాడు, రోజూ అక్క ఇంకా లేదనేది, వెంటనే ఆ గదిలోకెళ్ళి పురుగుకు కొత్త కారవేరు ఆకు పెట్టి వచ్చేది. తిండి మానేసింది. ఎవరైనా కారు ఆపి పలకరిస్తే చెవిటిదానిలా నడిచిపోయేది.

"ఎన్నాళ్ళు దాస్తావే? ఆయన ఊపిరి చూశావా? ఈ లోపు ఏమన్నా అయితే క్రీడ్ గుమ్మం బయటే ఉండిపోతాడు" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే?"

"ఉన్న మొహమే. ఇంకోటి ఎక్కడ తెస్తావు?"

కసిరికొడుతుందనుకున్నాను. తల దించుకుంది. మా అక్క తల దించుకోవడం చూడటం నాకే సిగ్గనిపించి, నేను కిటికీ వైపు తిరిగాను.

ర్యాంపుల విందు రానే వచ్చింది. వెళ్ళకపోతే ఇంకా అనుమానాలు. పెదనాన్న దగ్గర పొరుగావిణ్ణి కూర్చోబెట్టి వెళ్ళాం. ఆలుగడ్డలు సగం పచ్చి, సగం బొగ్గు. ముసలి హోబర్ట్ ఓ ముక్క ఫోర్కుకు గుచ్చి పైకెత్తి చూపించి, "గని మూతపడిందన్నారు గానీ, ఇదిగో బొగ్గు ఇక్కడ తవ్వుతున్నారు. క్రీడ్ గాడే నయం, తిట్టుకుంటూ అయినా ఎర్రగా వేయించేవాడు" అన్నాడు. జనం నవ్వారు. తరవాత హోబర్ట్ లేచి, మొదటి మొక్కజొన్న రొట్టె ఈసారి వెల్డా చేత కోయిద్దాం, పెద్దమ్మ తెల్లవాటికి అండగా నిలబడింది ఆ ఒక్కతే కదా అన్నాడు. చప్పట్లు కొట్టారు. లవోనా కూడా కొట్టింది.

అక్క చేతికి కత్తి ఇచ్చారు. రొట్టె వైపు చూసింది, జనం వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. కత్తి బల్ల మీద పెట్టి గబగబా బయటికి నడిచింది. వెనకాలే పరిగెత్తాను. తాళం నా దగ్గరుందని మర్చిపోయి, పార్కింగులో కారు తలుపు పట్టుకుని లాగుతోంది.

"క్రీడ్ దగ్గరికి పోనీ" అంది.

వాడు ఇంటి ముందు కట్టెలు చీలుస్తున్నాడు. మమ్మల్ని చూసి గొడ్డలి దించలేదు. అక్క కారు దిగి, కట్టెల కుప్పకు ఇవతలే నిలబడి, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. వెల్లుల్లి మొక్క, గుడ్లు, సీసాలు, అన్నీ. వాడు వింటూనే ఓ దుంగను రెండు చేశాడు.

"అంటే నా బాట కాదన్నమాట."

"కాదురా."

"నువ్వు నా బాట ఎప్పుడన్నా ఎక్కి చూశావా? తల పైకెత్తి చూశావా? పైన కొమ్మలు కలిసే ఉంచాను. ఒక్క పెద్ద చెట్టు కొట్టలేదు. అవి దాటతాయి. నేను చూశాను. పెద్దమ్మ చేతుల్లో పెరిగింది నువ్వొక్కదానివేనా?"

"చూడలేదురా. నన్ను..."

"ఆగు." గొడ్డలి దుంగలో దించాడు. "నన్ను దొంగను చేసింది ఊరందరి ముందు. నిజం చెప్పడానికి మాత్రం కట్టెల కుప్ప చాటుకొచ్చావు. నాకెందుకు చెప్పడం? నాకు తెలుసుగా నేనేం చెయ్యలేదని. తెలియంది వాళ్ళకి. పెదనాన్నకి."

ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నాడు. అక్క నాతో, "హాలుకు తిప్పవే" అంది.

మేం వెళ్ళేసరికి జనం ఇంకా చివర్లో పెట్టే ఆపిల్ పై ముక్కలు తింటున్నారు. అక్క తిన్నగా పెనం దగ్గరికెళ్ళి, నిరుడు క్రీడ్ నిలబడ్డ చోటే నిలబడింది. గొంతు చిన్నగా వచ్చింది. వెనకవాళ్ళు వినబడటం లేదన్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది, అది మరీ ఘోరం. "నిరుడు ఇక్కడ నిలబడి క్రీడ్ పెద్దమ్మ తెల్లవాటిని చంపాడన్నాను. చంపింది నేను. మీరందరూ నా చేత్తో తిన్నారే, ఆ ఆకే. కొండ మీద నేనే నాటాను. లవోనా పీకుతానంటే చీపురు పట్టుకుని తరిమాను. క్రీడ్ బాటలో తప్పు లేదు."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు. ఆ రోజు క్రీడ్ వెళ్ళిపోతుంటే ఒక్కళ్ళం లేవలేదని అందరికీ గుర్తొచ్చినట్టుంది. హోబర్ట్ మాత్రం ఉండబట్టలేక, "అయితే మనం తిన్న ఆ కూర..." అని కడుపు తడుముకున్నాడు. అతని పెళ్ళాం మోచేత్తో పొడిచింది. లవోనా లేచి వచ్చి అక్క చేతిలో కాఫీ కప్పు పెట్టి, వెళ్ళి తన చోట కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఊరగాయల వెనకనుంచి సీసాలు తీసింది. పెదనాన్న మంచం పక్కన కూర్చుని, చచ్చిన పురుగుల సీసా ఆయన చేతిలో పెట్టి, హాల్లో అన్న మాటలతో సహా అంతా చెప్పింది. ఆయన అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. తరవాత బతికిన పురుగును చూశాడు. అది ఇప్పుడు చిటికెనవేలి గోరంత పొడుగుంది.

"నన్ను తిట్టు పెదనాన్నా" అంది అక్క.

"నీ తప్పు నువ్వు చెప్పుకున్నావు. ఊరందరికీ చెప్పుకున్నావు. పెంచిన కొడుకును ఒక్క మాటకు వీధిలో నిలబెట్టింది నేను. 'నేనడిగానా' అన్నాను. అన్నానా లేదా?" ఊపిరి అందక ఆగాడు. "వాడు తలుపు కొడుతుంటే లోపల కూర్చుని విన్నానే. ఆ చప్పుడు ఇంకా వినబడతంది. ఫోనివ్వు."

ఫోను చేతికిచ్చాం. నంబరు నేనే నొక్కాను. అవతల క్రీడ్ "ఎవరూ?" అన్నాడు. పెదనాన్న గొంతు సవరించుకున్నాడు, ఇంకోసారి సవరించుకున్నాడు. చివరికి, "ఏరా, ఆ బాట... బాగానే ఉందా ఇంకా?" అన్నాడు.

అవతల గొడ్డలి నేల మీద పెట్టిన చప్పుడైంది. తరవాత, "బాగుండక? వేసిందెవరనుకున్నావు?" అని వినబడింది.

మధ్యాహ్నం ఎండ కాయగానే ట్రక్కు తెచ్చాడు. పెదనాన్నను దుప్పటితో సహా ఎత్తుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మా అక్కతో పలకలేదు, కానీ వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. బాట మీద వెళ్తుంటే అక్క కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూస్తూనే ఉంది. నిజమే. కొమ్మలు చేతులు పట్టుకున్నట్టు కలిసే ఉన్నాయి.

పెద్దమ్మ మొద్దు పక్కన ట్రక్కు ఆగింది. అక్క ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా మోకాళ్ళ మీద కూలబడి, వెల్లుల్లి మొక్కలు వేళ్ళతో పీకడం మొదలుపెట్టింది. నేనూ వంగాను. కొన్ని ఆకుల మీద అప్పటికే గుడ్లున్నాయి. పీకినా చస్తాయి, పీకకపోయినా చస్తాయి. అక్క వాటిని చూసి చెయ్యి ఆపి, పెదవి కొరుక్కుని, మళ్ళీ పీకింది. కుప్ప పెరిగింది. అడవంతా ఆ వాసనే. ఒకప్పుడు నోరూరించిన వాసనే, ఇప్పుడు మొహం పక్కకు తిప్పుకుని పీకాను.

అప్పుడొచ్చింది ఒక తెల్లది. బాటకు అటువైపు నుంచి, తూలుతూ, నేలకు దగ్గరగా. బాట అంచున తటపటాయించింది. నేను మా అక్క మొహం చూశాను. అది కొమ్మల నీడ పట్టుకుని బాట దాటి ఇటు వచ్చేసింది. "చూశావా?" అన్నాడు క్రీడ్, మా ఎవరితోనూ కాదు, పెదనాన్నతో.

ఆ సీతాకోక కారవేరు మీద వాలలేదు. వాసనను బట్టి నేరుగా మా అక్క దగ్గరికొచ్చింది. ఏప్రన్ నిండా ఆ ఆకుల పసరే. మోకాలి మీది గుడ్డ మీద వాలి, కాళ్ళతో తడిమి చూసుకుని, పొట్ట కొస వంచి ఒక గుడ్డు పెట్టింది.

"నా మీద కాదే పిచ్చి తల్లీ" అంది అక్క. "నా మీద కాదే." సీసాల దగ్గర రాని ఏడుపు, హాల్లో రాని ఏడుపు అప్పుడొచ్చింది. భుజాలు ఎగిసిపడుతున్నాయి గానీ, మోకాలు మాత్రం కదపలేదు.

"ఏం చేసిందిరా అది?" అన్నాడు పెదనాన్న ట్రక్కులోంచి.

క్రీడ్ జవాబు చెప్పకుండా దగ్గరికొచ్చాడు. జేబులోంచి చాకు తీశాడు. మా అక్క పక్కన కూర్చుని, "కదలకు అక్కా" అన్నాడు. ఏడాది తరవాత వాడు తనను పిలిచిన పిలుపు అది. గుడ్డు చుట్టూ ఏప్రన్‌ను జాగ్రత్తగా కోసి, ఆ గుడ్డముక్కను పక్కనున్న కారవేరు ఆకు మీద పరిచాడు. ఆకును వాడు పట్టుకున్నాడు. మా అక్క తన జడపిన్ను తీసి గుచ్చింది.